తలకిందుల అమ్మాయిలు

ఖమీస్ ముషైత్‌లో మా కంపెనీ బస్సు రోజూ పొద్దున ఒక మ్యూజియం ముందు నుంచి వెళ్తుంది. ఆ మలుపు దగ్గరికి రాగానే నేను తల ఇటు తిప్పేసుకుంటాను. పక్కనున్నవాళ్ళు మెడ పట్టిందేమో అనుకుంటారు. మెడ పట్టడం కాదు, ఒళ్ళు మండడం. ఆ మ్యూజియంలో ఒక గది ఉంది, ఆ గదిలో ఒక గోడ ఉంది. దాని గురించి నోటితో చెప్పబోతే గొంతు లేచిపోతుంది, ఎదుటివాడు భయపడి ఊరుకుంటాడు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను పెయింటర్ని. ఇక్కడ పెయింటరంటే రోలరు పట్టుకున్నవాడు. మా కోరుట్లలో నా చిన్నతనాన పెయింటరంటే అక్షరాలు రాసేవాడు. కిరాణా దుకాణాల బోర్డులు, లారీల వెనక పిల్లల పేర్లు, బడి గోడల మీద మంచిమాటలు రాసేవాళ్ళం. మా నాయన రాసేవాడు, నేను రాశాను. ‘ళ’ రాసి చూపిస్తే చాలు, ఎవడు నేర్పిన చెయ్యో ఊళ్ళోవాళ్ళు చెప్పేవాళ్ళు. తర్వాత బస్టాండు పక్కన ఫ్లెక్సీ మిషను వచ్చింది. మేము మూడు రోజులు రాసే బోర్డును అది టీ తాగి వచ్చేలోపు కక్కేసేది. రెండేళ్ళలో మా పని అయిపోయింది. నేను వీసా తీసుకుని సౌదీలో ఈ కొండ ఊరికి వచ్చాను. పదకొండేళ్ళు క్యాంపు గదులకు, ఆస్పత్రులకు, ఆఫీసర్ల క్వార్టర్లకు తెల్లరంగు, మీగడరంగు కొట్టాను. ఆ పదకొండేళ్ళలో సన్నటి బ్రష్షు ఒక్కసారి కూడా పట్టలేదు.

అలాంటి సమయంలో మా సైట్ ఇంజనీరు ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు. విజయవాడ వైపు మనిషి, ముప్పై నిండలేదు.

“అన్నా, నువ్వు ఇండియాలో సైన్ బోర్డులు రాసేవాడివంట కదా? మ్యూజియం ప్రాజెక్ట్ ఒకటి వచ్చింది. హ్యాండ్ పెయింటింగ్ వర్క్. నీకే ఇస్తున్నా. డ్రాయింగ్ ఎగ్జాక్ట్‌గా ఫాలో అయిపో, ఏం టెన్షన్ లేదు.”

టెన్షనా! ఆ సాయంత్రం స్టేషనరీ కొట్టులో రెండో నంబరు బ్రష్షు వేళ్ళ మధ్య పెట్టుకుని చూస్తే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మ్యూజియంవాళ్ళు ఈ కొండ ప్రాంతపు పాతకాలం ఇల్లు ఎలా ఉండేదో చూపించే ప్రదర్శన ఒకటి పెడుతున్నారు. మట్టి కుండలు, పొలం పనిముట్లు, పాత కత్తులు, కొండగొర్రెల కొమ్ములు ఒక హాల్లో పెట్టారు. ఇంకో హాల్లో ఒక ఇంటి ముందుగదిని ఉన్నదున్నట్టు కట్టాలి. ఇక్కడి ఇళ్ళలో గోడల మీద ఆడవాళ్ళు ముగ్గుల్లాంటి బొమ్మలు గీసేవారు. త్రికోణాలు, గళ్ళు, దువ్వెన పళ్ళలాంటి గీతలు, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, వాటి చుట్టూ నల్లటి అంచు. దాన్ని ఖత్ అంటారు. ఆ ఖత్‌ను జిప్సమ్ బోర్డు గోడ మీద వెయ్యడం నా పని. ఒక డిజైన్ కంపెనీ పంపిన పెద్ద పెద్ద కాగితాలు నా చేతికిచ్చారు. ప్రతి గడికి కొలత ఉంది, ప్రతి రంగుకు నంబరు ఉంది.

మూడు రోజులు వేశాను. నిజం చెప్పాలంటే సంతోషంగా వేశాను. వేళ్ళు మొదట మొద్దుబారి ఉన్నాయి, రెండో రోజుకు కదిలాయి. ఏదో తేడాగా ఉందని మాత్రం కంటికి తగులుతూనే ఉంది. ముగ్గు పెట్టే తల్లి కడుపున పుట్టినవాణ్ణి, బరువు ఎక్కడ ఉండాలో కంటికి తెలుస్తుంది. ఈ బొమ్మలో బరువంతా పైనుంది, సన్నటి గీతలన్నీ కిందికి వేలాడుతున్నాయి. వీళ్ళ పద్ధతి అంతేనేమో అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున నేను స్టూలు మీద ఉండగా వెనక నుంచి కర్ర నేలకేసి కొట్టిన చప్పుడైంది.

“ఎవడ్రా ఇది గీసింది?”

తిరిగి చూస్తే ఒక ముసలామె. నల్ల బట్టల మీద తలకు పసుపుపచ్చ రుమాలు, ఈ కొండ ఆడవాళ్ళు కట్టుకునేది. పక్కన కాలేజీ చదివే వయసు మనవరాలు. ఆమె అరబ్బీలో మాట్లాడింది. పదకొండేళ్ళలో నాకు అరబ్బీ బాగానే పట్టుబడింది. ఆమె మాట నా చెవికి మా ఊరి పెద్దమ్మల మాటలాగే పడింది కాబట్టి అలాగే రాస్తున్నాను.

“నేనే, ఖాలా,” అన్నాను. ఇక్కడ పెద్దామెను అలాగే పిలుస్తారు.

“మొగోనివి, ఆడోళ్ళ గోడ మీద నీకేం పని? సరే గీసినవ్. బిడ్డలను తలకిందులుగ ఏలాడదీస్తవా? నీ ఇంట్ల ఆడపిల్లలు లేరా?”

నాకు అర్థం కాలేదు. బిడ్డలేమిటి, వేలాడదియ్యడమేమిటి? మనవరాలు నెమ్మదిగా చెప్పింది. ఖత్‌లో అన్నిటికంటే పైన వరసగా నిలబడే సన్నటి గీతల బొమ్మల్ని బనాత్ అంటారు, అంటే అమ్మాయిలు. వాళ్ళు పైన నిలబడి ఉండాలి, చేతులు పైకెత్తి. నేను వాళ్ళను కిందికి వేలాడదీశాను. మూడు రోజులుగా ఒక్కొక్కరినే, ఎంతో ఓపికగా, తలకిందులుగా.

కాగితం తెచ్చి చూపించాను. ముసలామె దాన్ని చేతిలోకి తీసుకుంది, ఒకసారి తిప్పింది. తిప్పగానే అమ్మాయిలు నిలబడ్డారు. అంత సులువు. డ్రాయింగు చేసేటప్పుడు ఎవరో పాత గోడ ఫొటోను తలకిందులుగా ఎక్కించారు. దాని మీద ఇద్దరు ముగ్గురు సంతకాలు పెట్టారు, స్టాంపు కొట్టారు, నా దగ్గరికి పంపారు. అంతమందిలో ఒక్కడు కూడా ఈ ఊరి ఇల్లాలినెవరినీ అడగలేదు.

తర్వాత ఆమె కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. వేలితో ఒక్కో గడినీ తడిమింది.

“ఇది మా అమ్మ గోడ.”

చాలా ఏళ్ళ కిందట ఎవరో వచ్చి వాళ్ళ అమ్మ ఇంటి ముందుగదిని ఫొటోలు తీసుకుపోయారట. తర్వాత రోడ్డు వెడల్పులో ఆ ఇల్లు పోయింది. ఈమె దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. ఆరోజు మ్యూజియంకు వచ్చింది కూడా అమ్మ చెక్కపెట్టె, ఇత్తడి కాఫీ కుండ ప్రదర్శనకు ఇవ్వడానికే. ఆ గోడ ఇక్కడ ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నాకు మొదటిసారి కోపం వచ్చింది అప్పుడే. వెంటనే ఇంజనీరుకు ఫోన్ చేశాను.

“సార్, డ్రాయింగు తిరగేసి ఇచ్చిండ్రు సార్. గీ గోడ ఎవరిదో గా అమ్మనే వచ్చి చెప్తున్నది.”

“అన్నా, అది అప్రూవ్డ్ డ్రాయింగ్. కన్సల్టెంట్ సైన్ ఉంది. ఎవరో ముసలావిడ వచ్చి ఏదో అందని మనం చేంజ్ చేస్తే రేపు మనమే ఇరుక్కుంటాం. నేను త్రీ డేస్ జిద్దాలో ఉంటున్నా. వచ్చాక చూద్దాం. నువ్వు కంటిన్యూ చేసెయ్.”

ఫోన్ పెట్టి ముసలామె వైపు చూశాను. ఆమె అప్పటికే రంగు డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంది.

“ఏమన్నడు?”

“మూడొద్దుల దాక రాడంట.”

“మంచిగైంది. తెల్లరంగు తే.”

ఆ మూడు రోజుల గురించి రాసేటప్పుడు మాత్రం నాకు కోపం ఉండదు. నేను వేసింది నేనే తెల్లరంగుతో కప్పేశాను. ఆమె రోజూ పొద్దున వచ్చేది, మధ్యాహ్నం నమాజు దాకా ఉండేది. మనవరాలు ఒక మూల ఫోన్ చూసుకుంటూ కూర్చునేది. ముందుగా ఆమె గోడను పిడికిలితో తట్టి, “ఇది గోడ గాదు, అట్టడబ్బా” అని తిట్టింది. తర్వాత గీతలు వంకర పోకుండా నేను అంటించిన మాస్కింగ్ టేపు లాగి పారేసింది. “గీత చేతి నుంచి రావాలె. టేపు నుంచి వస్తదా?” నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఇదే మాట మా నాయన స్కేలు పట్టుకున్నప్పుడల్లా నన్ను అనేవాడు.

గీస్తూ ఉంటే ఆమె చెప్పేది. వాళ్ళ చిన్నప్పుడు నలుపుకు బొగ్గు నూరి తుమ్మబంకలో కలిపేవారట. పచ్చకు పశువుల మేత నూరి గోడ అడుగున రుద్దేవారట. పండుగ ముందు ఇంటామె చుక్కలు పెట్టి అంచులు గీస్తే, చుట్టుపక్కల అమ్మాయిలంతా వచ్చి రంగులు నింపేవారట. నేను మా అమ్మ సంగతి చెప్పాను. దసరా ముందు గోడలకు సున్నం, అరుగులకు ఎర్రటి జాజు పూసి, దాని మీద తెల్ల చుక్కలు పెట్టేది. ఊరందరికీ బోర్డులు రాసే మా నాయనను గడప మీద ఒక్క గీత గీయనిచ్చేది కాదు. “నీ రాత బజార్ల, నా రాత ఇంట్ల” అనేది.

ముసలామె పగలబడి నవ్వింది. “మీ అమ్మ నా అసొంటిదే.”

మూడో రోజు ఒక సంగతి జరిగింది. రెండో వరసలో కుడివైపు నుంచి ఐదో గడి దగ్గర నేను ఎరుపు ముంచుతుంటే ఆమె ఆపింది. “అది నీలం.”

“కాగితంల ఎరుపున్నది, ఖాలా. అన్ని గళ్ళు ఎరుపే.”

“కాగితపోళ్ళు దిద్దిండ్రు. మా అమ్మకు ఎరుపు అయిపోయింది. గప్పుడే మా తమ్మునికి జ్వరమొచ్చింది, సంతకు పోయెటోళ్ళు లేరు. ఉన్న నీలం ఏసింది. తమ్ముడు లేచి తిరిగినంక కూడ దాన్ని మార్చలే. గట్లనే ఉంచింది.”

నేను బ్రష్షు కడిగి నీలం వేశాను. ఆమె లేచి వచ్చి ఆ గడి పక్కన అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. వాళ్ళ తమ్ముడు తర్వాత ఏమయ్యాడని నేను అడగలేదు. ఆ మధ్యాహ్నం వెళ్ళేముందు మనవరాలు తన నంబరు నాకిచ్చింది, ఏమైనా అవసరమైతే ఫోన్ చెయ్యమని.

ఇంజనీరు వచ్చాడు. గోడ చూసి తల పట్టుకున్నాడు, అయినా తిట్టలేదు. బాగుందన్నాడు కూడా. మర్నాడు కన్సల్టెంట్ వచ్చాడు. తెల్లటి హెల్మెట్టు, చేతిలో ట్యాబ్. గోడ ముందు రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. ట్యాబ్‌లో డ్రాయింగును, గోడను మార్చి మార్చి చూసి తప్పుల జాబితా రాశాడు. ఒకటి, డిజైన్ తిరగబడింది. రెండు, ఒక గడిలో రంగు తేడా.

ఒక గడిలో రంగు తేడా! జ్వరంతో పడుకున్న పిల్లవాడు, సంతకు పోలేని తల్లి, అయిపోయిన ఎరుపు, అన్నీ కలిపి వాడి ట్యాబ్‌లో ఒక తప్పు. నేను అరబ్బీలో చెప్పబోయాను. ఆయన ఇంజనీరు వైపు చూశాడు, ఇతను ఎందుకు మాట్లాడుతున్నాడన్నట్టు.

వాళ్ళు వెళ్ళాక ఇంజనీరు చెప్పాడు. “అన్నా, ఓపెనింగ్‌కి టైం లేదు. మళ్ళీ హ్యాండ్ పెయింట్ అంటే డిలే అవుతుంది. వినైల్ ప్రింట్ తెప్పిస్తున్నారు, గోడకి స్టిక్ చేసేస్తారు. నువ్వు ప్రైమర్ కొట్టేసి సర్ఫేస్ ప్లెయిన్ చేసి పెట్టు.”

వినైల్ ప్రింట్ అంటే ఫ్లెక్సీకి అక్క. బస్టాండు పక్క మిషను సముద్రం దాటి వచ్చి నా ఎదురుగా కూర్చున్నట్టయింది.

“నేను కొట్ట సార్.”

“ఏంటి?”

“గా గోడ మీద ప్రైమర్ నేను కొట్ట. కావాలంటే ఇంకోన్ని పెట్టుకోండ్రి. గది వాళ్ళ అమ్మ గోడ సార్. సచ్చిపోయినామె గోడ.”

అతను కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. “అన్నా, ఇష్యూ చెయ్యొద్దు. నీ వెకేషన్ పేపర్స్ కూడా ఆఫీసులో ఈ ప్రాజెక్ట్ చూసే మేనేజర్ టేబుల్ మీదే ఉన్నాయి. ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా అవ్వనీ. రెండున్నరేళ్ళయింది కదా నువ్వు ఇంటికెళ్ళి. నీ మంచికే చెప్తున్నా.”

ఆ రోజు క్యాంపులో నా గదిలో ఉండే టైల్స్ మేస్త్రీతో చెప్పాను. నిజామాబాద్ మనిషి, నాకంటే పెద్దవాడు. ఆయన రొట్టె తుంచుతూ తల కూడా ఎత్తలేదు.

“అరే తమ్మీ, గా గోడ నీదా? మీ అమ్మదా? వాళ్ళ దేశం, వాళ్ళ గోడ, వాళ్ళే చెరుపుకుంటున్నరు. నీకెందుకు లొల్లి? కాయిదాలు తీస్కొని ఇంటికి పో, పిల్లల మొకం చూడు.”

మర్నాడు నేనే కొట్టాను. ఇంకెవరో కాదు. రోలరు తెల్ల ప్రైమర్‌లో ముంచి పైనుంచి మొదలుపెట్టాను, అమ్మాయిల తలల మీదుగా. ఒక కోటుకు పోలేదు. నల్ల అంచులు మసకగా పైకి తేలాయి. రెండో కోటు కొట్టాను. అది ఆరాక గోడ ఆస్పత్రి గోడలా అయింది. సైట్లో ఎవరూ ఫోన్ కెమెరా వాడకూడదని రూలు, కాబట్టి నా దగ్గర ఫొటో కూడా లేదు. రూలు! ఆ ఒక్క రూలూ నేను ఎంత బుద్ధిగా పాటించానో తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు రోజుల్లో వినైల్ వచ్చింది. ఇద్దరు మనుషులు వచ్చి రబ్బరు పలకతో రుద్ది అతికించి పోయారు. మెరుస్తూ, గీతలన్నీ సూదిలా, గళ్ళన్నీ ఎర్రగా, అమ్మాయిలు తలకిందులుగా. పక్కన ఒక పలక బిగించారు. అరబ్బీలో, ఇంగ్లీషులో ఇలా ఉంది: ఈ ప్రాంతపు మహిళలు సంప్రదాయ పద్ధతిలో తమ చేతులతో చిత్రించిన గోడ.

అది చదివి నేను పెద్దగా నవ్వాను. నవ్వు కాదది.

ప్రదర్శన మొదలైన రోజు ఎక్కడైనా రంగు ఊడితే చూసుకోవడానికి నన్ను అక్కడే ఉండమన్నారు. పది గంటలకు పెద్దలంతా వచ్చారు. కాఫీ, ఖర్జూరాలు, కెమెరాలు. అందరూ ఆ గోడ ముందు నిలబడి ఫొటోలు దిగారు. చాలామంది ఈ ఊరివాళ్ళే. కొందరు తల పక్కకు వంచి చూశారు, ఏదో అనుమానం వచ్చినట్టు. అయినా కాఫీ కప్పులు అందుకుని పక్కకు జరిగారు.

పదకొండు దాటాక ముసలామె వచ్చింది. పెట్టె, కాఫీ కుండ ఇచ్చినందుకు ఆమెను గౌరవంగా పిలిచారు. గోడ ముందు ఫొటో దిగాలని ఒక కుర్చీ కూడా వేశారు. ఆమె గుమ్మంలో ఆగిపోయింది. తర్వాత కర్ర ఊతంగా నడుచుకుంటూ నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి వేలితో రుద్దింది. వేలు జారింది. అది రంగు కాదని తెలిసిపోయింది. ఆమె కళ్ళు గది అంతా వెతికి, తలుపు వెనక నిచ్చెన పక్కన ఉన్న నన్ను పట్టుకున్నాయి. దగ్గరికి వచ్చింది.

“ఎవరు చెరిపిండ్రు?”

ఇంకెవరి పేరైనా చెప్పొచ్చు. నోరు రాలేదు. “నేనే, ఖాలా.”

“నీ చేతులతోనా?”

“నా చేతులతోనే.”

“కొట్ట అని చెప్పకపోయినవా?”

“చెప్పిన.”

“ఎన్నిసార్లు?”

“ఒకసారి.”

“రెండోసారి ఎందుకు చెప్పలే?”

అంతమందిలో నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. కన్సల్టెంటు మీద రావలసిందీ, ఇంజనీరు మీద రావలసిందీ అంతా కలిపి ఆమె మీదికే వచ్చింది.

“ఖాలా, నీకు ఊరున్నది. నాకున్నది ఇఖామా కాయిదమే. నువ్వు పదిసార్లు వద్దన్నా నిన్ను విమానం ఎక్కించెటోడు లేడు. నాకు ఒకసారి అన్నదే ఎక్కువ.”

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి వెనక్కి తిరిగింది. హాలు మధ్యకు వెళ్ళి, మ్యూజియం అధికారి ముందు నిలబడి, కెమెరాలన్నీ ఉండగానే గొంతెత్తింది.

“ఆ పలక మీద ఏం రాసిండ్రు? ఆడోళ్ళు చేతులతో గీసిండ్రా? ఏ ఆడది గీసింది? పిలువుండ్రి, చూస్త. మా అమ్మ గోడ అది. మిషన్ల గుద్ది, బిడ్డలను తలకిందులు చేసి, మా మీద పెడ్తరా? పలక తీయండ్రి. తీసేదాక నేను కదల.”

అని వాళ్ళు వేసిన కుర్చీలోనే కూర్చుంది, గోడకు వీపు పెట్టకుండా, గోడ వైపు ముఖం పెట్టి. ఫొటోగ్రాఫరు ఇబ్బందిగా కెమెరా దించాడు. అధికారి మెల్లగా నచ్చజెప్పాడు, టీ తెప్పించాడు, మనవరాలిని బతిమాలాడు. ఆ పిల్ల కూడా కదల్లేదు, అమ్మమ్మ కుర్చీ వెనకే నిలబడింది. చివరికి ఇంజనీరు నా దగ్గరికి వచ్చాడు, చెమటలతో.

“అన్నా, స్క్రూ డ్రైవర్ ఉందా?”

నేనే నిచ్చెన వేసి పలక విప్పాను. నాలుగు స్క్రూలు. ఆమె చూస్తూనే ఉంది. నాలుగోది ఊడగానే లేచి వెళ్ళిపోయింది. గోడ మాత్రం అలాగే ఉంది. వినైల్ తియ్యాలంటే మళ్ళీ టెండరు కావాలట.

నా కాగితాలు వచ్చాయి, రెండు నెలలు ఇంటికి వెళ్ళాను. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆవిడకు ఈ కథంతా చెప్పాను, ఇంజనీరును, కన్సల్టెంటును, మేనేజరును వరసపెట్టి తిడుతూ. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

“గా మనుమరాలి నంబరు నీకాడ ఉండె గదా? చెరిపే ముంగట ఒక్క ఫోన్ చేస్తే ఏమయితుండె?”

నిజమే. నేను చెప్పడం వేరు, ఆ ఊరి మనిషి వచ్చి గోడకు అడ్డంగా కూర్చోవడం వేరు. పలక కోసం కూర్చున్నామె గోడ కోసం కూర్చునేది కాదా? ఆ ఆలోచన నాకు ఎందుకు రాలేదు? రాలేదా, రానివ్వలేదా? ఫోన్ చేస్తే గొడవవుతుందని, గొడవైతే కాగితాలు ఆగుతాయని లోపల ఏదో లెక్క చేసుకునే ఉంటాను. ఆ రోజు నుంచి నా కోపం బయటివాళ్ళ మీద సగమే. మిగతా సగం ఎక్కడికి పోవాలో నాకు తెలుసు.

తిరిగి వచ్చాక మనవరాలికి ఫోన్ చేశాను. క్షమించమని చెబుదామనుకుంటే ఆ పిల్ల మాట తుంచేసింది. “శుక్రవారం రండి. అమ్మమ్మ మోకాళ్ళు పనిచెయ్యట్లేదు. ముందుగది గోడ ఖాళీగా ఉంది.”

వెళ్ళాను. ఊరి అంచున చిన్న సిమెంటు ఇల్లు, కిటికీలోంచి పొగమంచు పట్టిన కొండ. ముసలామె పరుపు మీద కూర్చుని ఉంది. నేను గుమ్మంలోనే చెప్పేశాను. “ఖాలా, నీ మనుమరాలి నంబరు నా దగ్గర ఉండె. చెరిపే ముందు ఫోన్ చెయ్యలే. నాదే తప్పు.”

“ఎరికే,” అంది. “గా పొద్దే అనుకున్న. చెప్పులు ఇడిసి లోపలికి రా.”

అంతే. మన్నించానని అనలేదు, మన్నించనని కూడా అనలేదు. నాలుగు శుక్రవారాలు పట్టింది. ఆమె చెబుతుంటే చుక్కలు పెట్టాను, నల్ల అంచులు గీశాను. రంగులు నింపడానికి మాత్రం నన్ను ఉండనివ్వలేదు. మనవరాలి స్నేహితురాళ్ళు, చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారు. మగవాళ్ళంతా బయటికి అంది. నేను వాకిట్లో మెట్టు మీద కూర్చుంటే లోపలి నుంచి అరీకా పంపింది. రొట్టెను నలిపి నెయ్యి, తేనె పోసి చేస్తారు. రుచి చూస్తే అచ్చం మా ఊరి మలీద ముద్దలే. లోపల ఆడవాళ్ళు దేనికో విరగబడి నవ్వుతున్నారు. ముసలామె ఎవరినో తిడుతోంది.

మనవరాలు ఆ గోడ ఫొటో తీసి, సరిచెయ్యమని మ్యూజియంకు ఉత్తరం రాసింది. తర్వాత మరమ్మతులు చేసినప్పుడు పరిశీలిస్తామని జవాబు వచ్చింది. అవి ఎప్పుడో ఎవరికీ తెలియదు. జనం వస్తున్నారు, ఆ మెరిసే గోడ ముందు సెల్ఫీలు దిగి పోతున్నారు.

పోయిన నెల ఇంజనీరు మళ్ళీ నన్ను పిలిచాడు. మ్యూజియంలో వినైల్ అంచులు లేస్తున్నాయట, వెళ్ళి అతికించి, పక్కన రంగు సరిచేసి రమ్మన్నాడు.

“నేను పోను సార్,” అన్నాను.

నేను అన్నది తనకు సరిగా వినబడలేదేమో అన్నట్టు చూశాడు. మళ్ళీ అన్నాను. “ఆ గోడకాడికి నేను పోను.”

ఏదో ఒకటి అవుతుందని ఎదురుచూశాను. మేనేజరు పిలుస్తాడని, ఇఖామా మాట వస్తుందని.

“సరే అన్నా, వేరేవాళ్ళని పంపిస్తాలే,” అని అతను ఫోన్‌లో ఇంకొకరి పేరు వెతుక్కున్నాడు. మర్నాడు నన్ను ఒక బడికి మీగడరంగు కొట్టడానికి పంపారు. ఎవరూ పిలవలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ కాలేదు.

రోలరు ముంచుతూ ఆ రోజంతా పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. ఇప్పుడు ఏమీ కాకపోతే, అప్పుడు కూడా ఏమీ కాకపోయేదేమో.